జుబ్బాకి నాడాలు

పాతబట్ట తెచ్చినవాళ్లను నీలవేణి మొదట అడిగే మాట ఒకటే: "మనిషి ఉన్నారా?"

కొలత ఆ తరవాత. ఎవరికి కుట్టాలి, ఎప్పటికి కావాలి అన్నవీ ఆ తరవాతే. చీరైనా చొక్కా అయినా, దాన్ని కట్టిన మనిషి ఉన్నారో లేరో ముందు తేలాలి. ఉన్నారంటే బట్టను బల్ల మీద పరుస్తుంది. లేరంటే మడత విప్పదు. "బడికెల్లే పిల్లకైతే, ఇంట్లో అందరికీ ఇష్టమైతే కుడతాను. పసిబిడ్డకి కుట్టను" అంటుంది. నీకు ఆ పట్టింపు ఉందా అని అడిగినవాళ్లకు లేదనే చెబుతుంది. "నాకు నేదు. బిడ్డకి జొరం వచ్చిన్నాడు తల్లికి ఉంటాది."

నరసన్నపేటలో ఆమె ఇల్లు మెయిన్ రోడ్డు నుంచి లోపలికి వెళ్లే సందులో ఉంది. ముందు గదిలో కాలితో తొక్కే మిషను, ఒక బల్ల, ఒక దండెం. తలుపు పక్కన రేకు మీద 'పాతబట్టలతో పిల్లల బట్టలు కుట్టబడును' అని రాసి ఉంటుంది. 'పాత' అన్న మాట తీసేస్తే బేరం పెరుగుతుందని రేకు రాసిన పెయింటరు చెప్పాడు. అన్నిటికన్నా ముందు ఆ మాటే రాయమని ఆమె చెప్పింది.

ఆమె పని కత్తెరతో కాదు, బ్లేడుతో మొదలవుతుంది. చొక్కా వస్తే కుట్లన్నీ విప్పి, ముక్కలుగా ఉతికి, ఇస్త్రీ చేసి, ఒక్కో ముక్కనూ కిటికీ వెలుతురుకు పట్టి చూస్తుంది. మోచేయి దగ్గర, మెడ మడత దగ్గర బట్ట పల్చబడుతుంది. జేబు కింద, కాలరు లోపలి పొరలో ఎండ తగలదు కాబట్టి రంగు అలాగే ఉంటుంది. పైవైపు వెలిసిపోతే ముక్కను తిరగేసి లోపలి వైపును పైకి తెస్తుంది. పక్క ఇంట్లో ఉండే టీచరు భారతి తన భర్త చొక్కాలు తెస్తే, ఆమె కూతురు సంహితకు గౌను అయింది. చొక్కా గుండీల పట్టీ గౌనుకు వెనక పట్టీ అయింది. కాజాలు మళ్లీ తియ్యాల్సిన పని పడలేదు. సిరా మరక ఉన్న చోటి మీదికి జేబు వచ్చింది. ఆ గౌను వేసుకుని బడికి వెళ్లిన సంహిత అది నాన్న చొక్కా అని అందరికీ చెప్పింది. ఆ వారంలో మరో ఇద్దరు తల్లులు సంచులతో నీలవేణి గుమ్మం ఎక్కారు.

గౌనులన్నిటికీ నడుము దగ్గర ఒకటి, కింది అంచు దగ్గర ఒకటి, లోపలికి మడతలు వదులుతుంది. వాటిని ఎదుగు మడతలు అంటుంది. పిల్ల పొడుగైతే ఏ కుట్టు విప్పాలో తల్లికి చూపించి పంపుతుంది. ఆమె కుట్టిన గౌను అక్క నుంచి చెల్లికి వెళ్లేసరికి మడతలు రెండూ విప్పి ఉంటాయి. చెల్లికోసం ఆమె వాటిని మళ్లీ వేస్తుంది.

అయితే దూరం ఊళ్లనుంచి వచ్చేవాళ్లు గౌనుల కోసం రారు. పురిటి జుబ్బాల కోసం వస్తారు. పుట్టిన బిడ్డకు పురుడు వెళ్లేదాకా కొత్తబట్ట వెయ్యకూడదని ఆ పక్క పెద్దవాళ్లు పట్టుపడతారు. కట్టి, ఉతికి, మెత్తబడ్డ బట్టనే చుట్టాలి. అది ఎవరు కట్టిన బట్ట అన్నది కూడా చూస్తారు. ఆయుష్షున్న మనిషి కట్టినదైతే ఆ ఆయుష్షు బిడ్డకు వస్తుందని నమ్మకం. ఆ బట్టను ఉత్తినే చుట్టే బదులు నీలవేణి జుబ్బా చేస్తుంది. చేతులూ ఒళ్లూ ఒకే ముక్కలో కత్తిరిస్తుంది కాబట్టి భుజం దగ్గర కుట్టు ఉండదు. గుండీకి బదులు నాడా పెడుతుంది. పక్క కుట్లు బయటికి వస్తాయి. బిడ్డ ఒంటికి తగిలే వైపు దారపు ముడి కూడా ఉండదు. చూసినవాళ్లు తిరగేసి కుట్టిందనుకుంటారు.

కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం జగ్గమ్మ వచ్చింది. జలుమూరు దారిలో ఆమె ఊరు. భర్త పోయాక వరిపొలం కొడుకు త్రినాథ్‌తో కలిసి ఆమే చేయిస్తుంది. వెంట కోడలు దుర్గ ఉంది. జగ్గమ్మ చేతిలో సంచి లేదు.

"బట్టేదీ పిన్నీ?" అంది నీలవేణి.

"బట్ట కోసమే వచ్చినాను. నీకు తెలిసినోల్లలో అందరికన్నా ఎక్కువ బతికినోలు ఎవలే?"

"ఎవరికి కావాలి?"

జగ్గమ్మ గడ్డంతో కోడలి వైపు చూపించింది. "మూడో నెల. ఊర్లో ఎవలికీ సెప్పనేదు. నీకు సెప్తన్నాను."

దుర్గకు ఇది రెండో కాన్పు. మొదట పుట్టిన కొడుకు పురుడు వెళ్లకముందే పోయాడు. గుండెలో లోపంతో పుట్టాడని డాక్టర్లు చెప్పారు. జగ్గమ్మ ఆ మాట విన్నది, తల ఊపింది. లోపల ఆమె లెక్క వేరు.

"మొగగుంటడు పుట్టినాడని శ్రీకాకుళం బజారుకి పరిగెట్టీసినాను," అంది. "టోపీ, మేజోళ్లు, సొక్కా, అన్నీ ఒకే రంగువి డబ్బాలో పెట్టి అమ్ముతన్నారు. మాయత్త బతికుంటే నా సెయ్యి ఇరగ్గొట్టును. పుట్టిన్నాడే కొత్తగుడ్డ ఏసీసినాను. ఈ సేత్తోనే."

"డాక్టరుగారు సెప్పినారు కదత్తా," అంది దుర్గ.

"డాక్టరు గుండికాయ సూసినాడు. నాను సేసింది ఆడికేటి తెలుస్తాది?"

దుర్గ బల్ల మీద ఎవరికో కుట్టిన జుబ్బా ఉంటే తీసి, లోపలి వైపు వేలితో రాసి చూసి, ఉన్నచోటే పెట్టింది. ఇంతలో ఒకామె చీర పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. నీలవేణి తల ఎత్తకుండానే "మనిషి ఉన్నారా?" అంది. ఆమె లేరని చెప్పి, కాసేపు నిలబడి వెళ్లిపోయింది. దుర్గ అదంతా చూస్తూ కూర్చుంది.

"శ్రీముఖలింగంలో మాస్టారున్నారు పిన్నీ," అంది నీలవేణి. "తొంభై దాటినాయి. మునిమనవలు పుట్టినారు. ఇప్పటికీ ఏటికి నడిసెల్లి తానం సేసి వస్తారు. నాకు పంచెలు ఆయనే ఇస్తారు. ఎల్లి అడుగుదాం."

లక్ష్మీనరసింహం మాస్టారి ఇల్లు ముఖలింగేశ్వరుడి గుడికి వెళ్లే వీధిలో ఉంది. ఆ ఇంటివాళ్లకు గుడిలో సేవ ఉంది. ఆయన బళ్లో తెలుగు చెప్పి రిటైరయ్యాడు. పొందూరు ఖద్దరు పంచె తప్ప వేరే బట్ట కట్టి ఎవరూ చూడలేదు. జగ్గమ్మా నీలవేణీ బస్సు దిగి వెళ్లేసరికి ఆయన వీధి గదిలో పడక్కుర్చీలో ఉన్నాడు. తలుపు తీసిన కోడలు రాజరాజేశ్వరి లోపలికి తిరిగి చెప్పింది: "మావయ్యగారూ, నీలవేణి వచ్చింది. పంచె గట్టిగా పట్టుకోండి."

"ఏవమ్మా," అన్నాడు మాస్టారు. "ఈసారి ఎవరి బిడ్డకోసం నన్ను విప్పిస్తావు?"

నీలవేణి జగ్గమ్మను చూపించి సంగతి చెప్పింది. మాస్టారు విన్నాడు.

"బీరువాలో పాతవన్నీ నీకే ఇచ్చేను కదమ్మా. నా పంచెల్లో పెరిగినవాళ్లు ఎంతమంది ఉన్నారో నాకే తెలీదు. మొన్న గుళ్లో ఒకడు వచ్చి కాళ్లకి దణ్ణం పెట్టేడు. తాతగారి పంచెలో పెరిగేవురా అని వాళ్లమ్మ చెప్పిందిట. ఇంటికొచ్చేదాకా నా పంచెలో ఇంకా ఎవడో ఉన్నాడేమోనని తడుముకుంటూనే ఉన్నాను."

జగ్గమ్మ నవ్వలేదు. "ఒక్కటైనా నేదా బాబూ?"

రాజరాజేశ్వరి లోపలికి వెళ్లి రెండు పంచెలు తెచ్చింది. ఆ నెలలోనే పొందూరు నుంచి తెప్పించినవి. వాటి మడతలు ఇంకా పోలేదు.

"కొత్తవి," అంది జగ్గమ్మ. ముట్టుకోలేదు.

"కొత్తవని నాకూ తెలుసు. ఎన్నో నెల?"

"మూడు."

మాస్టారు వేళ్ల కణుపులు లెక్కపెట్టాడు. "వైశాఖం. చాలా టైముంది. రేపట్నుంచి రోజూ ఇదే కడతాను. శివరాత్రి వెళ్లాక వచ్చి చూడండి."

"రోజూ ఒకటే అయితే రెండోది ఎందుకు తెప్పించినట్టు?" అంది రాజరాజేశ్వరి.

"ఇది ఆరేదాకా కట్టుకోడానికి."

మర్నాటినుంచి ఆయన ఆ పంచె కట్టాడు. పొద్దున్నే వంశధారకు వెళ్లి స్నానం చేసి, దాన్ని నీళ్లలో జాడించి, పిండి, భుజాన వేసుకుని వచ్చేవాడు. బండ మీద బాదితే పోగు తెగుతుందని బాదేవాడు కాదు. చలికాలంలో కోడలు వద్దంటే, "నాకు కాదమ్మా, పంచెకి స్నానం" అన్నాడు. శివరాత్రికి ఊరంతా జనం వచ్చినప్పుడు, ఇంటికి వచ్చిన బంధువుల ముందు కూడా ఆ పంచెతోనే తిరిగాడు. కొడుకు పట్టుపంచె తెచ్చిస్తే తీసి దండెం మీద వేశాడు.

శివరాత్రి వెళ్లాక నీలవేణీ జగ్గమ్మా మళ్లీ వెళ్లారు. మాస్టారు పంచె ఉతికి, ఆరేసి, మడతపెట్టి ఉంచాడు. నీలవేణి దాన్ని విప్పి, మధ్యలో ఒకచోట, చివర ఒకచోట కళ్లు మూసుకుని కనురెప్పకు ఆనించుకుంది. తరవాత అంచు పట్టుకుని అలాగే చేసింది.

"మాస్టారూ, అంచు ఇంకా బిరుసుగా ఉన్నాది," అంది.

జగ్గమ్మ ఆమె చెయ్యి గిల్లింది. "ఇచ్చినది పుచ్చుకోవే."

"బిడ్డ మెడకి తగిలేది అంచే పిన్నీ."

మాస్టారు పంచె తీసుకుని, తన కనురెప్పకూ ఆనించి చూసుకున్నాడు. "పరీక్ష తప్పేను," అన్నాడు. "ఇలా తే. ఇంకో నెల కడతాను."

చైత్రంలో నీలవేణి మళ్లీ వెళ్లింది. కనురెప్పకు ఆనించి, ఈసారి ఏమీ అనకుండా మడతపెట్టింది. మాస్టారికి అర్థమైంది.

"ఒక్క మాట," అన్నాడు. "కట్టుకున్నన్నాళ్లూ ఇది నా పంచె. కత్తెర పడ్డాక నాది కాదు, ఆ బిడ్డది. నా పేరు చెప్పి ఆ బిడ్డని బరువు మోయించకండి."

ఆ మాట నీలవేణి జగ్గమ్మకు చెప్పింది. "అలగే," అంది జగ్గమ్మ. ఊళ్లో మాత్రం మాస్టారి పంచె దొరికిందని ఇంటింటికీ చెప్పుకుంది.

బిడ్డ పుట్టకముందే బట్ట కుట్టకూడదన్న పట్టింపు కూడా ఆ పక్క ఉంది. బిడ్డ పుట్టిన గంటలోనే బట్ట కావాలన్న తొందరా ఉంది. ఈ రెంటికీ నడుమ నీలవేణి ఒక దారి పెట్టుకుంది. పురిటికి ఆసుపత్రిలో చేర్చారని కబురు వస్తే బట్ట కత్తిరిస్తుంది. పక్క కుట్లు వేస్తుంది. నాడాలు మాత్రం కుట్టదు. నాడా లేనిది జుబ్బా కాదు, ఉత్త ముక్క. బిడ్డ పుట్టిందని ఫోను వచ్చాక అప్పుడు అంచుపక్క బట్టను పట్టీలుగా చింపి, మడిచి, నాడాలు కుడుతుంది. చింపితే పోగు వెంట తిన్నగా వస్తుంది కాబట్టి నాడాలకు కత్తెర వాడదు.

వైశాఖంలో దుర్గను శ్రీకాకుళంలో ఆసుపత్రిలో చేర్చారు. కబురు అందాక నీలవేణి పంచె బల్ల మీద పరిచి కత్తిరించింది. అంచుపక్క పట్టీ ఒకటి నాడాలకోసం వదిలి మిగతాదంతా జుబ్బాలకు వచ్చింది. ఆ రోజే కుట్లు వేసింది. మర్నాడు పొద్దెక్కాక త్రినాథ్ ఫోను చేశాడు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా బాగున్నారు. బిడ్డ గుండె కూడా డాక్టర్లు చూశారు, బాగుంది. తను బట్టలకోసం బండి మీద బయల్దేరుతున్నాడు.

నీలవేణి మిగిలిన పట్టీ తీసి చింపింది. దొంతరలో పైనున్న జుబ్బాకు నాడాలు కుట్టడం అయ్యేసరికి గుమ్మంలో భారతి నిలబడి ఉంది. బడికి బయల్దేరినట్టుంది, చేతిలో టిఫిను డబ్బా ఉంది.

"శ్రీముఖలింగం మాస్టారు పోయారట," అంది. "తెల్లారుజామున. నిద్రలోనేనట. మా హెడ్మాస్టరు ఆయన దగ్గర చదువుకున్నారు, ఇప్పుడే ఫోను చేశారు. నీకు తెలుసు కదా ఆయన?"

నీలవేణి మిషను మీంచి కాలు తీసింది. దారం తెంపలేదు. భారతి వెళ్లాక కూడా అలాగే కూర్చుంది. పోయిన మనిషి కట్టిన బట్ట ఇంట్లో ఉంచరు. పదో రోజు లోపల అది గడప దాటాలి. నిన్నటిదాకా ఏ పంచె కోసం మనుషులు బస్సెక్కి వెళ్లారో, ఇవాళ ఆ పంచెను ఎవరూ చేత్తో ముట్టుకోరు.

త్రినాథ్ బండి సందులోకి వచ్చి ఆగింది. నవ్వుతూ లోపలికి వచ్చాడు. సంచిలోంచి లడ్డూల డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. అక్క వరసైన నీలవేణిని అతను 'అప్పా' అనే పిలుస్తాడు.

"అప్పా, బేగి ఇచ్చీ. మాయమ్మ బిడ్డ మీద ఇంకో గుడ్డ పడనివ్వట్నేదు. నర్సు మీద తగువుకి ఎల్లిపోనాది."

"కూకో," అంది నీలవేణి. మాస్టారు పోయిన సంగతి చెప్పింది.

త్రినాథ్ కూర్చోలేదు. జుబ్బాల వైపు చూశాడు. "ఎవలు సెప్పినారు నీకు?"

"భారతి టీచరు."

"ఆవిడ మాయమ్మకి తెలదు కదా. అయితే నువ్వు సెప్పొద్దు, నాను సెప్పను. ఆయన బతికుండగానే ఇచ్చినారు."

"బారసాల నాటికి తెలదా? మీ అమ్మ ఇంటింటికీ సెప్పుకున్నాది, మాస్టారి పంచె అని. ఎవలో ఒకలు రోజులు లెక్కేస్తారు."

"ఏస్తే ఏస్తారు. అప్పటికి ఏసీడం అయిపోతాది." అతను తల గోక్కున్నాడు. "నేదంటే ఆయనే మా ఇంట పుట్టీసినారని సెప్దాం."

"వంశధారలో తానం మానేసి మీ ఇంట ఆడపిల్లై ఎందుకు పుడతార్రా ఆయన?"

ఇద్దరూ కొంచెం నవ్వారు. తరవాత నీలవేణి అంది: "సూడు తమ్మా. మొదటిసారి కొత్తగుడ్డ ఏసినానని మీ అమ్మ ఇన్నాళ్లూ ఏడుస్తన్నాది. తెలక ఏసినాది. రెండోసారి నాకు తెలిసి ఆవిడ సేత్తో ఏయించమంటావా? బిడ్డకి తుమ్ము వచ్చినా ఆవిడ బతకదు."

త్రినాథ్ లడ్డూల డబ్బా మూత పెట్టాడు. నీలవేణి జుబ్బాలు, సూది, దారం, బ్లేడు ఒక సంచిలో వేసుకుంది. నాడాలు కుట్టిన జుబ్బాను విడిగా చుట్టింది. తలుపు తాళం వేసి బండి వెనక ఎక్కింది. బండి శ్రీకాకుళం వైపు హైవే ఎక్కింది.

ఆసుపత్రిలో మేడ మీద గది. దుర్గ మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. పక్కన స్టూలు మీద జగ్గమ్మ, ఒళ్లో బిడ్డ. బిడ్డకు ఆసుపత్రి గుడ్డ చుట్టి ఉంది.

"ఇదెవలిదీ కాదు, దీనికి లెక్క నేదు," అంది జగ్గమ్మ ఆ గుడ్డ చూపించి. "ఇంతసేపేటి? తే."

నీలవేణి సంచి ఇవ్వలేదు. "పిన్నీ, మాస్టారు పోయినారు. తెల్లారుజామున."

జగ్గమ్మ చెయ్యి చాపి ఉంది. అది అలాగే ఉండిపోయింది. కాసేపటికి వెనక్కి తీసుకుని బిడ్డ తల కింద పెట్టుకుంది. త్రినాథ్ కిటికీ వైపు తిరిగాడు.

"కత్తెర ఎప్పుడు పడ్డాది?" అంది జగ్గమ్మ.

"నిన్న. మీరు ఆస్పత్రిలో సేరినారని తెలిసాక. నిన్ననే కుట్లు ఏసీసినాను."

"నిన్నటికి ఆయన ఉన్నారు."

"ఉన్నారు."

"కత్తెర పడ్డాక నాది కాదని ఆయన నోటితోనే అన్నారు."

"అన్నారు."

జగ్గమ్మ మళ్లీ చెయ్యి చాపింది. "అయితే ఇది దీనిదే. ఇలా తే."

నీలవేణి జుబ్బా బయటికి తీసింది. ఇవ్వలేదు. "నాడాలు ఇవాళ సింపినాను పిన్నీ. నీ కొడుకు ఫోను సేసినాక. అప్పటికి ఆయన నేరు."

"నాడాలకేటప్పా ఇప్పుడు?" అన్నాడు త్రినాథ్ కిటికీ దగ్గరనుంచి. "మూర గుడ్డ."

"నువ్వుండరా," అంది జగ్గమ్మ. నీలవేణిని చూసింది. "నువ్వు సెప్పకపోతే నాకు తెల్దును కాదు."

"తెల్దువు కాదు."

"ఇప్పీ."

నీలవేణి మంచం చివర కూర్చుని బ్లేడు తీసింది. నాడా కుట్లు ఒక్కొక్కటే కోసింది. జుబ్బా బట్టకు గాటు పడకుండా, పోగు వెంట పోగు లాగింది. నాడాలు నాలుగూ విడిగా వచ్చాయి. వాటిని మడిచి సంచిలో వేసుకుంది. ఇప్పుడు జుబ్బా ముందువైపు తెరుచుకుని ఉంది. ఈ లోపు నర్సు తలుపు తోసి, "ఇంకా వెయ్యలేదా? ఫ్యాను గాలి తగుల్తోందమ్మా" అని తిట్టి వెళ్లింది.

"పిన్నీసు పెట్టీండి," అన్నాడు త్రినాథ్.

"నీ నోటికి పెడతాను," అంది జగ్గమ్మ.

అతను జేబురుమాలు తీశాడు. ఆ వారమే కొన్నది, పనికిరాదు. నీలవేణి తన చీర కుచ్చెళ్ల కింది అంచు పట్టుకుని చూసుకుంది. పండక్కి తీసుకున్న చీర, ఇంకా బిరుసు పోలేదు. బిడ్డ ఏడుపు మొదలుపెట్టింది.

అప్పుడు దుర్గ మాట్లాడింది. "అత్తా, మీ సీర ఇవ్వండి."

జగ్గమ్మ కట్టుకున్నది పొలానికి కట్టే నేతచీర. ముందురోజు కోడలికి నొప్పులు వస్తే మార్చుకోకుండా వచ్చేసింది. అంచు రంగు ఏమిటో చెప్పడం కష్టం.

"నాదా?" అంది. "నాదొద్దు. బొట్టు నేనిదాన్ని. ఒకడికి నా సేత్తో ఏసినాను, సాలు."

"డాక్టరుగారు సెప్పినారు కదత్తా," అంది దుర్గ, కార్తీకంలో అన్న గొంతుతోనే. దుర్గ నీలవేణి వైపు తిరిగింది. "అప్పా, నువ్వు ముందు అడిగే మాట ఒకటుంటాది. మాయత్తని అడుగు."

నీలవేణికి ఒక క్షణం పట్టింది. తరవాత బల్ల ముందు కూర్చున్నట్టే నడుము నిటారు చేసుకుని, చీర తెచ్చినవాళ్లను అడిగినట్టే అడిగింది.

"మనిషి ఉన్నారా?"

జగ్గమ్మ కోడలి ముఖం చూసింది. బిడ్డను చూసింది.

"ఉన్నాను," అంది.

త్రినాథ్ గది బయటికి వెళ్లి తలుపు వేశాడు. జగ్గమ్మ బిడ్డను దుర్గ చేతికిచ్చి, నడుము దగ్గర దోపుకున్న చెరుగు బయటికి లాగింది. నీలవేణి బ్లేడుతో చివర చిన్న గాటు పెట్టి రెండు చేతులా చింపింది. మొదటి పట్టీ తిన్నగా వచ్చింది. రెండోది సగంలో తెగింది. ఆ చీర అన్నేళ్లు కట్టినది. ముక్కలు రెండూ కలిపి కుట్టి, మడిచి, నాడా చేసింది. కనురెప్పకు ఆనించి చూసింది. ఏమీ అనలేదు. నాలుగు నాడాలూ చేతికుట్టుతో జుబ్బాకు పెట్టేసరికి బిడ్డ ఏడ్చి ఏడ్చి ఊరుకుంది.

నీలవేణి జుబ్బా దుర్గకు ఇవ్వబోతే, దుర్గ తీసుకోలేదు. "ఆవిడకియ్యి," అంది.

జగ్గమ్మ రెండు చేతులూ చీరకు తుడుచుకుంది. బిడ్డ చెయ్యి పట్టుకుని జుబ్బాలోకి దూర్చింది. రెండో చెయ్యి దూర్చింది. నాడాలు కట్టబోతూ ఆగి, పక్క కుట్టు మీద వేలు పెట్టింది.

"ఒలే, తిరగేసి కుట్టీసినావు."

"కుట్లు నీకు పిన్నీ," అంది నీలవేణి. "లోపలిది దానికి."

జగ్గమ్మ నాడాలు కట్టింది. అతుకు పడ్డ నాడా ముడి పెద్దదైంది. విప్పి మళ్లీ కట్టింది.

నీలవేణి మిగతా జుబ్బాలకు కూడా అక్కడే కూర్చుని నాడాలు కుట్టింది. జగ్గమ్మ చీర చెరుగు జానెడు తగ్గింది. పని అయ్యాక త్రినాథ్ ఇంటి దగ్గర దింపుతానన్నాడు. ఆమె బస్టాండు దగ్గర దింపమంది. శ్రీముఖలింగం వెళ్లాలి. మాస్టారి పంచెలోంచి చింపిన పట్టీ, అందులోంచి కుట్టి విప్పిన నాడాలు నాలుగూ ఆమె సంచిలో ఉన్నాయి. వాటి మీద కత్తెర పడలేదు. అవి ఇంకా ఆయనవే.